హంపిలో డీజిలు కాపలా

హంపి వెళ్ళొచ్చి రెండు నెలలైంది. మా వీధిలో ఇంకా వెళ్ళనివాళ్ళు దారి అడుగుతున్నారు, అక్కడ ఏమేం చూడాలని అడుగుతున్నారు. దారి చెప్పగలను. దారిలో ఏం తినొచ్చో చెప్పగలను. చూడాల్సినవాటి గురించి మాత్రం నన్ను అడక్కండి. రెండు పగళ్ళు హంపిలో ఉండి నేను చూసింది బజారు చివర బండ్లు నిలిపే చోటు, దాని పక్కన కొబ్బరిబోండాల కుప్ప. అలా ఎందుకైందో చెప్పాలంటే ముందు మా బండి సంగతి చెప్పాలి.

మా ఆయన రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో పాత డీజిలు బండి ఒకటి కొన్నారు. పది మంది పట్టే పెద్ద బండి. అప్పట్లో సికింద్రాబాద్‌లో ఎవరి నోట విన్నా అదే మాట, బండి కొని మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీకి పెట్టేస్తే ఇంట్లో కూర్చుని తినొచ్చని. సీతాఫల్‌మండిలో మా సందులోనే నాలుగు బండ్లు వెలిశాయి. కంపెనీలో పనిచేసే పిల్లల్ని ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని తీసుకెళ్ళాలి, పనయ్యాక మళ్ళీ ఇళ్ళకు చేర్చాలి. మా బండి నడిపేవాడు మల్లేశ్. ముప్పై ఏళ్ళుంటాయి. పద్మారావు నగర్ నుంచి నడిచి వచ్చేవాడు. నవ్వు మొహం, నోరు ఊరుకోదు.

మిగతా బండ్లు లీటరుకు పన్నెండు కిలోమీటర్లు పోతుంటే మాది తొమ్మిది దాటేది కాదు. మా ఆయన మొదట మెకానిక్‌ని తిట్టారు. మెకానిక్ బంకువాళ్ళని తిట్టాడు, కిరసనాయిలు కలుపుతున్నారని. బంకు మార్చాం. మైలేజీ మారలేదు. ఇక తిట్టడానికి మిగిలింది మల్లేశ్ ఒక్కడే.

"డీజిలు తీసి అమ్ముకుంటన్నాడే," అన్నారు ఒకరోజు అన్నం ముందు కూర్చుని. "నా కళ్ళ ముందు ఫుల్ టాంకు కొట్టించి, నా కళ్ళ ముందే తిప్పి చూస్తాను. ఊరికే తిప్పడం దేనికి, హంపి పోదాం."

మా ఆయన అక్కగారు, నాకు వదిన, విజయనగరం నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నారు. ఆవిడ కూడా వస్తానన్నారు. మల్లేశ్‌కి మాత్రం దేవుడి దర్శనమనీ, రాళ్ళు చూడడమనీ చెప్పాం.

బంకు దగ్గర

పొద్దున్నే టాంకు నింపారు. డీజిలు మెడ దాకా వచ్చినా మా ఆయన ఆపమనలేదు. "అందరూ దిగండి, బండి ఊపండి," అన్నారు. లోపల గాలి ఉండిపోతే లెక్క తప్పుతుందట. వదినా నేనూ ఒక పక్క, మల్లేశ్ ఇంకో పక్క పట్టుకుని రోడ్డున పోయేవాళ్ళు చూస్తుండగా బండిని ఉయ్యాలలా ఊపాం. గుడగుడమని బుడగలొచ్చాయి. మళ్ళీ పోయించారు. మళ్ళీ ఊపాం.

"సార్, ఇంక జెర సేపు ఊపితే బండి నిద్రపోతది," అన్నాడు బంకతను. అందరికంటే మల్లేశే ఎక్కువ నవ్వాడు.

అతను చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నేను సంచిలోంచి పసుపు తాడు తీశాను. అది మా ఆయన ముందే అప్పజెప్పిన పని. టాంకు మూత తాళం ఎప్పుడో పోయింది. మూతనూ పక్కనున్న కొక్కేన్నీ కలిపి తాడు కట్టాలి. బడికి పోవాల్సిన వయసులో నేను వరి పనలు కట్టాను. ఆ ముడి ఎవరైనా విప్పితే మళ్ళీ అలాగే వెయ్యలేరు. మధ్యలో మూత తీస్తే నాకు తెలిసిపోతుంది.

"బొట్టు పెట్టవే మరదలా, దిష్టికనుకుంటాడు," అన్నారు వదిన.

పెట్టాను. మల్లేశ్ తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చి చూశాడు.

"మంచి పని చేసినవమ్మ. దూరం పోతున్నం, బండికి రక్షణ ఉండాలె," అని వంగి ఆ తాడుకు దండం పెట్టి కళ్ళకద్దుకున్నాడు.

మా ఆయన అటు తిరిగి నిలబడ్డారు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను కుంకుమ భరిణెకు మూత పెట్టడంలో చాలాసేపు మునిగిపోయాను.

జడ్చర్ల

నాకు చదువు యాభై దాటాక వచ్చింది. మా వీధి బడిలో మధ్యాహ్నాలు ఆడవాళ్ళను కూర్చోబెట్టి నేర్పేవారు. అప్పటినుంచి బోర్డు కనపడితే పైకి చదవకుండా ఉండలేను. మా ఆయనకు అది చిరాకు. మల్లేశ్‌కి సరదా. అతని వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాను. "అమ్మా, గా పచ్చ బోర్డు జెర చదువు," అంటాడు. నేను కూడబలుక్కుని చదివేలోపల బోర్డు వెనక్కి పోతుంది. "అరె, స్పీడెక్కువైంది. ఇంకోటి వస్తది, దానికి మెల్లగ పోత," అని నిజంగానే మెల్లగా పోనిచ్చేవాడు. "అలగే ఆగాగి పోతే మైలేజీ ఏటి వస్తాది," అనేవారు మా ఆయన.

జడ్చర్లలో ఇడ్లీ తిన్నాం. ప్లేటు పది రూపాయలు. మా వైపు ఇడ్లీకి అల్లప్పచ్చడి పెడతారు. ఇక్కడ పల్లీ చట్నీ నీళ్ళలా చేసి గరిటెతో పోస్తారు, ఇడ్లీ అందులో ఈదుతుంది. వదిన ఇడ్లీని పిండుకుని తిన్నారు. నాకు మాత్రం బాగుంది.

తింటున్నంతసేపూ బయట మా బండి ఇంజను ఆడుతూనే ఉంది. మా ఆయనకు ముద్ద దిగలేదు. బయటికి వెళ్ళి, "ఒరే, నిలబడ్డ బండికి డీజిలెందుకురా? ఆపు," అని కేకేశారు.

"ఆపితే మళ్ళ స్టార్ట్ కాదు సార్."

"ఆపమన్నానా?"

ఆపాడు. మేం ఎక్కి కూర్చున్నాక తాళం తిప్పితే బండి టకటకమని ఊరుకుంది. మళ్ళీ అందరం దిగాం. హోటల్లో టీ తాగుతున్న నలుగురు ముసలివాళ్ళు లేచొచ్చి భుజం పట్టారు. ఒకాయన నాతో, "నువ్వు పక్కకు జరుగమ్మ, నీ చీర చక్రంల పడుతది," అన్నాడు. అంత దూరం నెట్టాక బండి దగ్గి లేచింది.

"బ్యాటరీ పోయింది సార్," అన్నాడు మల్లేశ్ నడుపుతూ. "నాలుగు నెలల సంది చెప్తనే ఉన్న. కంపెనీ గేటు కాడ గంట గంట నిలబడాలె. ఆపితే ఎవరు నెట్టాలె? ఆ పిల్లలు నెడుతరా? అందుకే ఆన్ల పెడుత. పరేషాన్ అయితుంది సార్, జెర మార్పియ్యుండ్రి."

"ముందు మైలేజీ రానీ, అప్పుడు మారుస్తాను," అన్నారు మా ఆయన.

అప్పుడే నాకు అర్థమైంది, బండి నిలబడి తాగుతోందని. చదువుకున్నవాళ్ళే అర్థం చేసుకోవాల్సిన లెక్కేమీ కాదు ఇది. కానీ టాంకు మీద తాడు కట్టేశాక ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. రెండు రోజులు చూస్తే ఆయనకే తెలుస్తుందిలే అనుకున్నాను.

కృష్ణ దాటాక

మక్తల్ దాటాక కృష్ణ మీద పొడుగాటి పాత వంతెన వస్తుంది. మల్లేశ్ బండి మెల్లగా పోనిచ్చాడు, మేం నదిలో రూపాయి బిళ్ళలు వేశాం. అటు దిగితే కర్ణాటక. బోర్డులు చూసి నాకు మతిపోయింది. మన అక్షరాలకే తలకట్టు కొంచెం వంచి పెట్టినట్టున్నాయి. సగం చదవగలిగాను. రాయచూరు అని చదివితే మల్లేశ్ హారన్ కొట్టి మెచ్చుకున్నాడు. "రెండు భాషలొచ్చినయి అమ్మకు. సార్, మీకు ఒక్కటే గద."

సింధనూరు దగ్గర ఊళ్ళ పేర్ల చివర క్యాంపు అని ఉంటుంది. కాలవ నీళ్ళొచ్చినప్పుడు గోదావరి జిల్లాల నుంచి పొలాలు కొనుక్కుని వచ్చినవాళ్ళ ఊళ్ళవి. అలాంటి చోట రోడ్డు పక్క పూటకూళ్ళ ఇంట్లో భోంచేశాం. జొన్నరొట్టె, గుత్తివంకాయ, వేరుసెనగ పొడి, దాని మీద గడ్డ పెరుగు. అడిగితే అన్నమూ పెడతారు. మనిషికి ఇరవై రూపాయలు. నడిపే ఆవిడది తణుకు వైపు. తెలుగు మాట్లాడేవాళ్ళు కనపడితే వదలదు.

"రొట్టె తట్టడం ఎక్కడ నేర్చావమ్మా?" అని అడిగాను.

"ఇక్కడికొచ్చాకేనండి. మొదటి ఏడాది నేను చేసిన రొట్టెలు కుక్కలు కూడా ముట్టలేదు. మా పక్కింటి గౌడప్ప గారి పెళ్ళాం నా చెయ్యి పట్టుకుని తట్టించింది."

డబ్బులిస్తుంటే మల్లేశ్ భోజనానికి తీసుకోనంది. బండి తెచ్చిన డ్రైవరుకు ఊరికే పెట్టడం ఆ రోడ్డు మీద అందరికీ అలవాటట. బయటికొచ్చాక వదిన నా చెవిలో, "తేరగా తినడం ఎక్కడికెళ్ళినా అలవాటే ఈడికి," అన్నారు. మల్లేశ్ అప్పుడే ఆవిడ కోసం బండి తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు.

హంపి బజారు

హోస్పేటలో గది తీసుకున్నాం. మల్లేశ్ బండిలోనే పడుకున్నాడు. తెల్లారి చూస్తే మొహం కడుక్కుని వచ్చి ముందు టాంకు దగ్గర వంగి తాడుకు దండం పెడుతున్నాడు. తర్వాత స్టీరింగుకు పెట్టాడు. మా ఆయన మేడ మీద నుంచి చూసి, "ముడి తడుముతున్నాడా ఏటి," అన్నారు.

హంపిలో గుడి ముందు పొడుగాటి బజారుంది, రెండు పక్కలా రాతి స్తంభాల సావళ్ళు. దాని చివర బండి నిలిపాం. దారి పొడుగునా లాగే మా ఆయన ఇంజను ఆపించారు, సాయంత్రం మళ్ళీ ఎవరో నెట్టాలి. అక్కడి నుంచి అందరూ నడిచి వెళ్ళి చూడాలి. నేను మాత్రం బండి దగ్గర ఉండాలి. ఇది నా రెండో పని.

"నేనున్న కద అమ్మ బండి కాడ. ఇంత దూరమొచ్చి చూడకపోతే ఎట్ల? పోయి రాండ్రి," అన్నాడు మల్లేశ్.

"మోకాళ్ళు నొప్పి బాబూ," అన్నాను. నా మోకాళ్ళకు ఏమీ లేదు.

ఆ అబద్ధం ఆడిన దగ్గర నుంచి అతను నన్ను ఊరికే ఉండనియ్యలేదు. ఎక్కడి నుంచో స్టూలు తెచ్చి నీడన వేశాడు. బోండాం కొట్టించి తెచ్చాడు. బోండాలమ్మే ఆవిడ పేరు హులిగెమ్మ. ఆవిడకు నా మోకాళ్ళ సంగతి చెప్పి, ఆవిడ చెప్పిన ఆకేదో తెచ్చి, "నూరి పెట్టుకో అమ్మ," అని నా ఒళ్ళో పోశాడు. హులిగెమ్మ సగం కన్నడం సగం తెలుగు. "మగనా?" అని అడిగింది అతన్ని చూపించి, కొడుకా అని. కాదు, డ్రైవరు అన్నాను. "మగన్ కంటే మేలు," అంది.

విదేశీయులు చెప్పులు లేకుండా నడుస్తున్నారు. అరటి గెలల బండ్లు పోతున్నాయి. గుడి గోపురం పైభాగం మాత్రం కనిపిస్తోంది. మధ్యాహ్నం మా ఆయన, వదిన తిరిగొచ్చి రాతి రథం గురించీ ఒంటిరాతి గణపతి గురించీ చెబితే విన్నాను. మీకు చెప్పాలంటే విన్నవే చెప్పాలి. గణపతి పొట్ట కింద మనిషి నిలబడితే నడుం దాకా రాడట.

మర్నాడు మల్లేశ్ ఒక ఆటో మాట్లాడి తెచ్చాడు. "గుడి మెట్ల కాడ దించుతడు. నేను చెయ్యి పట్టుకుంట. పది నిమిషాల పని. బండి ఎవడు ఎత్తుకపోతడు?" అన్నాడు. ఆటో అతను నవ్వుతూ చూస్తున్నాడు. మా ఆయన అప్పటికే వెళ్ళిపోయారు. నేను గుడికి వెళ్ళినా ఆయనకు తెలిసేది కాదు. కానీ మేమిద్దరం పోతే డీజిలుకు కాపలా ఎవరనే ఆలోచన, చెప్పడానికి సిగ్గుగా ఉంది, నిజంగానే నా తలలో వచ్చింది. నొప్పి ఎక్కువగా ఉందన్నాను. మల్లేశ్ మొహం చిన్నబోయింది. ఆటో అతనికి ఏదో సర్దిచెప్పి పంపాడు.

హోస్పేట బంకు

ఆ మర్నాడు పొద్దున బయలుదేరేముందు టాంకు నింపడానికి ఆపాం. మా ఆయన దిగి టాంకు పక్కన గొంతుక్కూర్చున్నారు.

"ఇలా రావే. ముడి నువ్వేసిందేనా చూడు," అన్నారు గట్టిగా.

మల్లేశ్ పక్కనే నిలబడ్డాడు. "ముడేంది సార్?"

నేను దిగి వంగి చూశాను. మూడు రోజుల దుమ్ము పట్టి కుంకుమ నల్లబడింది.

"నేనేసిందే," అన్నాను.

తాడు కోసి నింపించారు. అక్కడా ఊపించారు. ఈసారి మల్లేశ్ ఊపలేదు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా ఆయన బంకతని పెన్ను తీసుకుని అరచేతి మీద లెక్క వేశారు. లీటరుకు పదమూడు.

"చూశావా? నా కళ్ళ ముందు పదమూడు. హైదరాబాదులో తొమ్మిది. ఆ నాలుగూ ఏటైపోతన్నాయి, నువ్వే సెప్పు."

"గేటు కాడ నిలబడ్డ బండి నడుస్తద సార్? తాగుతది గని," అన్నాడు మల్లేశ్. తర్వాత నా వైపు తిరిగాడు. "అమ్మా, ఇది రక్షణకు కట్టలేదా?"

నేను కింద పడ్డ తాడు ముక్క చూస్తూ నిలబడ్డాను.

"పొద్దుగాల లేచి దీనికి మొక్కిన గదమ్మ. నన్ను కాయనీకి కట్టిన్రా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "మరి మోకాళ్ళ నొప్పి?"

నేను వంగి ఆ తాడు ముక్క ఏరుకున్నాను. అతనికి జవాబు తెలిసిపోయింది.

"పద పద, ఎండెక్కిపోతాది," అన్నారు వదిన.

తిరుగు దారి

ఆ దారి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. మల్లేశ్ మాట్లాడలేదు. బోర్డులు వచ్చాయి, పోయాయి. ఒకటి రెండు నేను పైకి చదివాను, నా గొంతు నాకే బాగోలేక మానేశాను. భోజనానికి ఆగినచోట ఏటవాలు చూసి బండి నిలిపి ఆపేశాడు, దొర్లించి స్టార్ట్ చేసుకోవడానికి. మమ్మల్ని నెట్టమని అడగడం ఇష్టం లేదు కాబోలు. అన్నం తినలేదు, టీ తాగాడు.

"బాబూ, ఒక రొట్టె తిను," అన్నాను.

"వద్దమ్మ. తేరగ తినుడెందుకు," అన్నాడు. వదిన మాట ఆ రోజు అతని చెవిన పడిందన్నమాట.

సీతాఫల్‌మండిలో సంచులన్నీ మేడ మీదకు చేర్చి, తాళం మా ఆయన చేతికిచ్చి, "వేరే మనిషిని చూసుకోండ్రి సార్," అని మెట్లు దిగిపోయాడు. "దొంగ కనకే పోయాడు," అన్నారు మా ఆయన.

కొత్త డ్రైవరు కొంచెం కటువు మనిషి. బ్యాటరీ మార్చందే తాళం ముట్టనన్నాడు. మార్చారు. ఆగినచోటల్లా బండి ఆపుకుంటున్నాడు. ఇప్పుడు ఊళ్ళోనే పన్నెండు వస్తోంది.

"అతను చెబుతూనే ఉన్నాడు కదండీ," అన్నాను.

"సరిగ్గా చెప్పలేదు," అన్నారు మా ఆయన. కాసేపు పోయాక, "బ్యాటరీ అమ్మినవాడు వెధవ," అన్నారు.

పద్మారావు నగర్

ఇది హంపి దారిలో లేదు. కానీ ఈ ప్రయాణం నాకు ఇక్కడికొచ్చాకే అయిపోయింది.

మల్లేశ్ ఇల్లు కనుక్కుంటూ వెళ్ళాను. మేడ మీద ఒకటే గది. అతని భార్య రేణుక తలుపు తీసింది. నేనెవరో చెప్పగానే నా చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది.

"మోకాళ్ళు ఎట్లున్నయమ్మ? మెట్లెందుకెక్కినవ్, నేనే కిందికొచ్చేదాన్ని గద. మా ఆయన హంపి ముచ్చట్లు మస్తు చెప్పిండు. మీరు బోర్డులు చదువుడు, మీ వదినమ్మ ఇడ్లీ పిండుకుని తినుడు," అని నవ్వింది.

"పని ఎందుకు మానేశాడని చెప్పాడమ్మా?" అని అడిగాను.

"బండి మంచిగ లేదంట గద. మస్తు తాగుతదంట. వేరే సేఠు బండి మంచిగుందని పోయిండు."

అప్పుడే మల్లేశ్ పనినుంచి వచ్చాడు. నన్ను చూసి గుమ్మంలో ఆగి, "మంచిగున్నరా అమ్మ, ఎప్పుడొచ్చిన్రు," అన్నాడు మామూలుగా.

దారంతా నేను కూడబెట్టుకున్న మాటలు ఒక్కసారిగా వచ్చేశాయి. "బ్యాటరీ మార్చాక పన్నెండు వస్తోంది బాబూ. నువ్వు డీజిలు తియ్యలేదని మాకు తెలిసింది. దొంగ అనుకుని నీకు కాపలా కాశాం. ఆ తాడు కట్టింది నేను. నువ్వు మళ్ళీ పనిలోకి రాకపోయినా సరే, ఈ మాట చెప్పాలని వచ్చాను."

చెప్పేశాక గుండె తేలికవుతుందనుకున్నాను. మల్లేశ్ నన్ను చూడడం లేదు, రేణుకను చూస్తున్నాడు.

"దొంగేంది?" అంది రేణుక. "డీజిల్ తీసుడేంది?"

"ఏం లేదు. అమ్మకు చాయ్ పెట్టు," అన్నాడు.

ఆమె కదలలేదు. మల్లేశ్ నా దగ్గరికొచ్చి మెల్లగా, "ఇంట్ల చెప్పలేదమ్మ నేను. నువ్వు చెప్పితివి," అన్నాడు.

నేను లేచాను. కూర్చోమని ఎవరూ అనలేదు. మెట్లు దిగుతుంటే రేణుక మళ్ళీ అదే ప్రశ్న అడగడం వినిపించింది, ఈసారి ఇంకా మెల్లగా. మల్లేశ్ జవాబు చెప్పేలోపల నేను వీధిలోకి వచ్చేశాను.